ట్రాన్స్-ఆమ్ 1970: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో, ట్రాన్స్-ఆమ్ అనే అమెరికా కారు పోటీలో దిగిన 1970 నాటి ఫోర్డ్ మస్టాంగ్ బాస్ 302 రేసు కారు ఫొటో వేశాం. దాని మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మంచి ఉత్తరాలొచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, పనికొచ్చే వివరాలతో జవాబులిస్తున్నాం.

కారు రేసులంటే గుండ్రటి ట్రాక్ మీద తిరగడమే అనుకునేవాణ్ణి. ట్రాన్స్-ఆమ్‌లో 1970 సీజన్‌ని అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు? ఏ రేసు ఎవరు గెలిచారో వరసగా రాయండి.
– ఇంజనీరింగ్ విద్యార్థి, విజయనగరం

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1966లో మొదలుపెట్టిన సెడాన్ కార్ల పోటీ ఇది. కుడి మలుపులు, ఎడమ మలుపులు, ఎక్కుడు, దిగుడు అన్నీ ఉండే సర్క్యూట్ల మీద జరిగేది. షోరూముల్లో అమ్మే కార్లనే రూల్స్ ప్రకారం రేసుకు తయారుచేసి దింపాలి. 1966, 1967లో ఫోర్డ్, 1968, 1969లో షెవర్లే టైటిల్ కొట్టాయి. 1968లో రోజర్ పెన్స్కే జట్టు తరఫున మార్క్ డొనొహ్యూ నీలం రంగు షెవర్లే కమారోతో 13 రేసుల్లో 10 గెలిచాడు. ఒకే కారు అంతలా ఏలేస్తే చూసేవాళ్లకు ఉత్కంఠేం మిగులుతుంది?

1970కి లెక్క మారిపోయింది. పెన్స్కే షెవర్లేని వదిలి చిన్న కంపెనీ అయిన అమెరికన్ మోటార్స్‌కి వెళ్లాడు. డొనొహ్యూ, పీటర్ రెవ్‌సన్ ఇద్దరికీ ఎరుపు, తెలుపు, నీలం జావెలిన్‌లు. ఫోర్డ్‌కి బడ్ మూర్ జట్టులో పార్నెల్లీ జోన్స్, జార్జ్ ఫాల్మర్. షెవర్లేకి చాపరల్ జట్టు యజమాని జిమ్ హాల్. ప్లిమత్ 'కుడా (బర్రకూడా)తో డాన్ గర్నీ, స్వీడ్ శావేజ్. డాడ్జ్ ఛాలెంజర్‌తో శామ్ పోజీ. పాంటియాక్ ఫైర్‌బర్డ్‌తో జెర్రీ టైటస్. ఆరు బ్రాండ్ల కార్లు ఒకే ఏడాది, ఒకే పోటీలో, పేరున్న డ్రైవర్ల చేతుల్లో! అప్పటివరకూ ట్రాన్స్-ఆమ్ ఇలాంటి పోటీ చూడలేదు.

మొత్తం 11 రేసులు. మొదటి నాలుగూ ఫోర్డ్‌వే. లగూనా సెకా, లైమ్ రాక్‌లో జోన్స్, బ్రయర్‌లో ఫాల్మర్, మిడ్-ఒహాయోలో మళ్లీ జోన్స్. జావెలిన్‌కి మొదట్లో ఇంజన్ కష్టాలు. అయిదో రేసు బ్రిడ్జ్‌హాంప్టన్‌లో డొనొహ్యూ గెలిచాడు. ట్రాన్స్-ఆమ్‌లో జావెలిన్‌కి అదే తొలి గెలుపు. ఆరోది డానీబ్రూక్. అక్కడ పెద్ద జట్లన్నిటినీ దాటుకుని మిల్ట్ మింటర్ తన కమారోతో గెలిచాడు. ఈ సీజన్ గురించి రాసేవాళ్లు మింటర్‌కి ఒక్క వాక్యం కేటాయించి వదిలేస్తారు. అతనికి అంతకంటే ఎక్కువే దక్కాలి. తర్వాత రోడ్ అమెరికా, కెనడాలోని సేంట్ జోవీట్ డొనొహ్యూవి. వాట్‌కిన్స్ గ్లెన్‌లో జిమ్ హాల్ తన సీటు విక్ ఎల్ఫర్డ్‌కి ఇచ్చాడు. 1968 మాంటె కార్లో ర్యాలీ విజేత అయిన ఎల్ఫర్డ్ చాపరల్ కమారోకి గెలుపు తెచ్చాడు. కెంట్‌లో జోన్స్ గెలవడంతో ఫోర్డ్ టైటిల్ ఖాయమైపోయింది.

చివరిది అక్టోబర్ 4న, రివర్‌సైడ్‌లో. టైటిల్ చేతిలో ఉంది కాబట్టి జోన్స్ నిమ్మళంగా నడిపి ఇంటికెళ్లొచ్చు. రేసు నడుస్తుండగా వెనకబడ్డ కారొకటి తగిలి అతని మస్టాంగ్ ట్రాక్ బయట పడింది. రేకు సొట్టపోయిన బండితోనే మళ్లీ లోపలికొచ్చి, ముందున్న వాళ్లనందర్నీ ఒక్కొక్కరిగా దాటి గెలిచాడు. డాన్ గర్నీ ఈ రేసుతోనే డ్రైవర్‌గా రిటైరయ్యాడు.

ఈ సీజన్‌లో విషాదమూ ఉంది. రోడ్ అమెరికా ప్రాక్టీసులో జెర్రీ టైటస్ కారు వంతెన గోడను గుద్దింది. ఆ గాయాలతో ఆగస్టు 5న అతను చనిపోయాడు. 1967లో ఫోర్డ్ టైటిల్‌కి మస్టాంగ్‌తో ముఖ్యంగా పాటుపడిన డ్రైవరే ఇతను.

మా షాపులో బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లేస్తాం గానీ స్ట్రోకు తగ్గించడం ఎక్కడా చూళ్లేదు. ఉన్న సీసీ తగ్గించుకుని రేసుకెళ్లడమేటండీ?
– మెకానిక్, రాజాం

రూల్ వల్లేనండీ. పెద్ద తరగతికి 5 లీటర్లు, అంటే 305 క్యూబిక్ అంగుళాలు హద్దు. 1969 దాకా కంపెనీ ఆ సైజు ఇంజన్‌ని స్వయంగా చేసి అమ్మితేనే రేసులో పనికొచ్చేది. అందుకే షెవర్లే తన 327 క్యూబిక్ అంగుళాల బ్లాకులో 283 ఇంజన్ క్రాంకు వేసి 302 చేసింది. ఫోర్డ్ తన చిన్న బ్లాకు మీద పెద్ద పోర్టుల (గాలి దారుల) హెడ్లు బిగించి బాస్ 302 చేసింది. రెండిటికీ బోరు (సిలిండర్ వ్యాసం) 4.00 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.00 అంగుళాలు. మన కొలతల్లో 101.6 మి.మీ., 76.2 మి.మీ. లెక్క మీకు తెలిసిందే: బోరు వర్గం × 0.7854 × స్ట్రోకు × సిలిండర్లు. సెంటీమీటర్లలో 10.16 × 10.16 × 0.7854 × 7.62 × 8 వేస్తే సుమారు 4,942 సీసీ వస్తుంది. హద్దుకి 58 సీసీ మాత్రమే తక్కువ.

1970లో రూల్ సడలించారు. పెద్ద ఇంజన్ ఉన్నవాళ్లు స్ట్రోకు తగ్గించి 305 లోపలికి తెచ్చుకోవచ్చన్నారు. ప్లిమత్, డాడ్జ్‌ల మాతృసంస్థ క్రిస్లర్ వాళ్ల 340 ఇంజన్ బోరు 4.04, స్ట్రోకు 3.31. బోరు అలాగే ఉంచి స్ట్రోకు సుమారు 2.96కి దించితే 304 దగ్గరకొస్తుంది. 'కుడా, ఛాలెంజర్ దిగింది ఇలాగే.

స్ట్రోకు తగ్గిస్తే ఏమవుతుందో మీలాంటివాళ్లు ముందే చూడగలరు. క్రాంకు పిన్ను మధ్యకి దగ్గరవుతుంది. తగ్గింది 0.35 అంగుళం కాబట్టి, పాత కనెక్టింగ్ రాడ్డు, పాత పిస్టనే వేస్తే పిస్టన్ పైకొచ్చినప్పుడు అందులో సగం, 0.175 అంగుళం, అంటే దాదాపు 4.4 మి.మీ. కిందే ఆగిపోతుంది. కంప్రెషన్ కుప్పకూలుతుంది. కాబట్టి రాడ్డు పొడుగు చెయ్యాలి, లేదా గడ్జన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను) రంధ్రం కిందికి జరిపిన కొత్త పిస్టన్ చేయించాలి. క్రాంకు బ్యాలెన్సింగ్ మళ్లీ మొదట్నుంచీ చేయాలి.

లాభం ఆర్‌పీఎంలో ఉంది. 76.2 మి.మీ. స్ట్రోకుతో 8,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 20.3 మీటర్లు. 3.31 అంగుళాల స్ట్రోకు ఇంజన్ 7,250 దాటేసరికే ఆ వేగానికి చేరుతుంది. అంటే చిన్న స్ట్రోకు ఇంజన్ అదే శ్రమతో ఇంకో 750 తిరుగుతుంది. సీసీ తక్కువైనా 450 హార్స్‌పవర్ దాకా లాగగలిగారంటే కారణం అదే. నష్టం కింది ఆర్‌పీఎంలో. బాస్ 302 హెడ్ పోర్టులు ఎంత పెద్దవంటే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోయి ఇంజన్ మందగిస్తుంది. అందుకే 1969లో 2.23 అంగుళాలున్న ఇన్‌టేక్ వాల్వుని 1970లో 2.19కి తగ్గించారు. రోడ్డు మీద అమ్మిన బాస్ 302లకు ఇంకో జబ్బు ఉండేది: పిస్టన్ స్కర్టులు పగలడం. పాత కారు రిపేరుకొస్తే ఈనాటికీ ముందు పిస్టన్లే మార్చేస్తారు.

1970లో కార్బురేటర్‌కీ కత్తెర పడింది. 1969లో రెండు నాలుగు-నోళ్ల కార్బురేటర్లు ఉండేవి, 1970లో ఒక్కటే. గాలి దారి ఇరుకైతే మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాలు) చేసే వాడి పనితనం మీదే అంతా ఆధారపడుతుంది. ఆ ఏడాది కార్ల మధ్య తేడా తగ్గడానికి ఇదో కారణమని మా అభిప్రాయం.

రేసు కోసం చేసిన కార్లు మామూలు జనానికి కూడా అమ్మారా?
– పలాస

అమ్మి తీరాలి, అదే షరతు. 1970కి కనీసం 2,500 కార్లు, లేదా ముందు ఏడాది ఆ కంపెనీ ఉత్పత్తిలో 250వ వంతు, ఏది ఎక్కువైతే అన్ని చేయాలన్నారు. అమెరికన్ మోటార్స్ చిన్న కంపెనీ కాబట్టి డొనొహ్యూ పేరుతో, వెనక ప్రత్యేక స్పాయిలర్ (గాలిని మళ్లించే పలక)తో 2,501 జావెలిన్‌లు చేసి ఆపేసింది. గర్నీ జట్టు ఏఏఆర్ పేరుతో వచ్చిన ప్లిమత్ 'కుడాలు 2,724. ఫోర్డ్‌కి ఆ బాధ లేదు. బాస్ 302లు 1970లో 7,013 అమ్ముడయ్యాయి. షోరూములో అమ్మిన 'కుడాకి 340 ఇంజన్ మీద మూడు రెండు-నోళ్ల కార్బురేటర్లు ఉండేవి. రేసులో వాటికి చోటు లేదు.

ట్రాన్స్-ఆమ్ అనే కారు కూడా ఉంది కదా, ఈ పోటీకి ఆ పేరు కారు నుంచి వచ్చిందా?
– ఆమదాలవలస

తిరగేసి చెప్పాలి. పోటీ 1966లో వచ్చింది, పాంటియాక్ ఫైర్‌బర్డ్ ట్రాన్స్-ఆమ్ 1969లో వచ్చింది. పేరు వాడుకున్నందుకు కంపెనీ ఒక్కో కారుకి 5 డాలర్లు క్లబ్బుకి కట్టేది. అసలు చిక్కు ఏమిటంటే, ఆ కారు ఇంజన్ 400 క్యూబిక్ అంగుళాలు. 6.5 లీటర్ల పైమాటే. పోటీ పేరు పెట్టుకున్న కారు తన ఇంజన్‌తో ఆ పోటీలో దిగలేదు.

సాలూరు ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. ఆ రేసు కార్లు గంటల తరబడి అంత స్పీడు మీద బ్రేకులేస్తూ ఎలా తట్టుకున్నాయి?
– లారీ డ్రైవర్, గజపతినగరం

ముందు లెక్క చూడండి. 1,450 కిలోల రేసు కారు 220 కి.మీ. నుంచి 80కి దిగిందంటే బ్రేకులు మింగిన వేడి సుమారు 23 లక్షల జౌల్స్. తర్వాత స్ట్రెయిట్‌లో గాలి తగిలి చల్లబడే వ్యవధి ఉంటుంది. 16 టన్నుల లారీ 300 మీటర్ల ఎత్తు దిగిందంటే వదిలించుకోవాల్సిన శక్తి 4 కోట్ల 70 లక్షల జౌల్స్. మధ్యలో చల్లబడే జాగా లేదు. కాబట్టి కష్టమైన పని మీదేనండీ.

రేసు కార్లో బ్రేకు రెండు రకాలుగా పోతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ కాలి జారుడు పట్టిందన్నమాట. పెడల్ మెత్తబడి అడుక్కి పోతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొచ్చాయన్నమాట. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీలకే మరిగిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో హైడ్రాలిక్ బ్రేకు కార్లకి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే. రేసు జట్లు ముందు స్పాయిలర్ నుంచి గొట్టాలు వేసి గాలిని డిస్కు మధ్యలోకి పంపేవి. కొత్త ప్యాడ్లని ఒక్కసారిగా కాల్చకుండా, తేలిక బ్రేకులతో మొదలుపెట్టి క్రమంగా వేడెక్కించి, చల్లార్చి, అప్పుడు రేసుకి వాడేవి. పెన్స్కే జట్టు ప్యాడ్లు మార్చే సమయం తగ్గించడానికి ఇంజన్ వ్యాక్యూమ్‌ని బ్రేక్ ఆయిల్ డబ్బాకి కలిపింది. వ్యాక్యూమ్ లాగేసరికి కాలిపర్ పిస్టన్లు వెనక్కి పోతాయి. అరిగిన ప్యాడ్ లాగి, మందమైన కొత్తది చేత్తో తోసెయ్యొచ్చు.

మీ లారీది గాలి బ్రేకు. అక్కడ మరిగే ఆయిల్ లేదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగ్‌కి దూరం జరుగుతుంది, లైనింగ్ కూడా జారుడు పడుతుంది. ఘాట్ మొదలవకముందే తక్కువ గేరులో వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు ఆన్ చేసి, ఆ గేరులోనే దిగండి. తేలికగా తొక్కి పట్టి ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదలండి. స్లాక్ అడ్జస్టర్లు (బ్రేకు సందు సరిచేసేవి) అన్ని చక్రాలకీ సమానంగా ఉన్నాయో లేదో బయల్దేరే ముందు చూసుకోండి. ఒక చక్రం వదులుగా ఉంటే ఆ భారం మిగిలినవి మోసి ముందే కాలిపోతాయి.

డ్రైవర్లలో ఛాంపియన్ ఎవరు? జోన్సా, డొనొహ్యూనా?
– శ్రీకాకుళం

1970లో డ్రైవర్లకి టైటిలే లేదు. పాయింట్లు కంపెనీలకే. మొదటి ఆరు స్థానాలకి 9, 6, 4, 3, 2, 1 చొప్పున, అదీ కంపెనీ కార్లలో అందరికంటే ముందొచ్చిన ఒక్కదానికే. జోన్స్, ఫాల్మర్ మొదటి రెండు స్థానాలూ కొట్టినా ఫోర్డ్‌కి 9 పాయింట్లే. డ్రైవర్ల టైటిల్ 1972లో మొదలైంది. తొలి విజేత జార్జ్ ఫాల్మర్. అప్పుడతను నడిపింది మస్టాంగ్ కాదు, జావెలిన్.

1/25 స్కేల్ కిట్‌తో జోన్స్ 15వ నంబరు మస్టాంగ్ చేస్తున్నాను. రంగు వేస్తే తెల్లగా పొగ పట్టినట్టవుతోంది. ఒక చోట ప్లాస్టిక్ కరిగింది కూడా. కొలతలు సరిచూసుకోవడం ఎలా?
– బొబ్బిలి

ముందు కరగడం సంగతి. కార్ల పెయింట్ షాపులో ఇచ్చే ఎన్‌సీ థిన్నర్ కిట్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. రేకుకి బాగుంటుంది గానీ పాలీస్టైరీన్‌కి పనికిరాదు. అదే వాడక తప్పకపోతే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా రెండు పూతలు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, దాని మీద తడి పట్టనంత పొడిగా, దూరం నుంచి చల్లండి. ముందు పనికిరాని స్ప్రూ (కిట్ భాగాలు అతికి వచ్చే చట్రం) ముక్క మీద వేసి చూడండి. అక్రిలిక్ వాడితే ఈ గొడవే ఉండదు.

తెల్లపొగ తేమ వల్ల. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలో నీరు పూత మీద చేరుతుంది. ముసురు పట్టిన రోజుల్లో, సాయంత్రాలు స్ప్రే చేయకండి. ఎండ బాగా ఎక్కాక, పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 మధ్య వేయండి. కంప్రెసర్ గొట్టానికి నీరు పట్టే ట్రాప్ పెట్టండి. ఎయిర్‌బ్రష్ అయితే 15 నుంచి 20 పీఎస్ఐ చాలు. పొగ పట్టిన పూత పూర్తిగా ఆరాక, ఎండ ఉన్న రోజు నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ పల్చగా చల్లితే చాలావరకు పోతుంది.

రంగు నారింజకి దగ్గరైన పసుపు, స్కూలు బస్సు పసుపు. బూడిద ప్రైమర్ మీద వేస్తే మురికి ఆకుపచ్చగా తేలుతుంది. తెల్ల ప్రైమర్ మీదే వేయండి. నలుపు ఆఖర్న.

కొలతలు: అసలు కారు పొడవు 187.4 అంగుళాలు, మీ బొమ్మలో 190.4 మి.మీ. వీల్‌బేస్ 108 అంగుళాలు, బొమ్మలో 109.7 మి.మీ. రేసు చక్రాల వ్యాసం 15 అంగుళాలు, వెడల్పు 8. బొమ్మలో వ్యాసం 15.2, వెడల్పు 8.1 మి.మీ. వెడల్పు విషయంలో కిట్లు ఎక్కువ మోసం చేస్తాయి. వెర్నియర్ పెట్టి చూడండి. టైర్ల మీద ఫైర్‌స్టోన్ అని ఉండాలి, గుడ్‌ఇయర్ అని ఉంటే అది జావెలిన్‌ది. ఇంకో సాధారణ తప్పు 1969 కిట్‌ని 1970 అని చేయడం. 1969 ముఖానికి నాలుగు హెడ్‌లైట్లు, 1970కి రెండే. బానెట్ తెరిచి చూపించేట్టయితే కార్బురేటర్ ఒక్కటే పెట్టాలి.

కంప్యూటర్ సిమ్యులేటర్‌లో బాస్ 302 నడుపుతుంటే మలుపు బయటికొచ్చేటప్పుడు వెనక భాగం తిరిగిపోతోంది. ఫార్ములా కార్లతో ఈ సమస్య లేదు.
– టెక్కలి

వెనక ఇరుసు మొత్తం ఒకే హౌసింగ్, కింద కమాను కట్టలు. ఒక చక్రం ఎగిరితే రెండోదీ కదులుతుంది. పైగా ఆనాటివి నైలాన్ టైర్లు. రేడియల్ కంటే ఎక్కువ జారుడు కోణంలో పట్టునిస్తాయి, పట్టు వదలడం కూడా మెల్లగా ఉంటుంది. కాబట్టి కొంచెం పక్కకి జారుతూ వెళ్లడం తప్పు కాదు, దాన్ని స్టీరింగ్‌తో ఎక్కువగా సరిదిద్దబోతేనే తిరిగిపోతుంది.

సెట్టింగులు ఒక్కసారే అన్నీ మార్చకండి. మొదట రెండో గేరులో తీసే మలుపుల్ని మూడో గేరులో తీసి చూడండి. సగం స్పిన్‌లు అక్కడే పోతాయి. తర్వాత వెనక యాంటీ-రోల్ బార్‌ని (కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని) ఒక మెట్టు మెత్తబరచండి. మలుపులోకి వెళ్లేటప్పుడే వెనక ఊగుతుంటే బ్రేకు బ్యాలెన్స్‌ని 2 శాతం ముందుకి జరపండి. బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాలు దడదడ గంతులేస్తుంటే గేరు తొందరపడి దించుతున్నారని అర్థం. క్లచ్ కొంచెం ఆలస్యంగా వదలండి, ఇంజన్‌ని ముందే రేస్ చేయండి. నిండు ట్యాంకు 22 గ్యాలన్లు, అంటే 83 లీటర్లు. బరువు 60 కిలోల పైనే, అంతా వెనక ఇరుసు వెనకాలే. అది ఖాళీ అయ్యేకొద్దీ కారు తీరు మారుతుంది. అందుకే సెట్టింగ్ సగం ట్యాంకుతో చూసుకుని, నిండు ట్యాంకుతో నాలుగు ల్యాపులు కొట్టి నిర్ధారించుకోండి.